పదిహేడో నంబరు ఫిడేలు

సంగీతం గది, మా బడి
ఫిబ్రవరి 3

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు చివర్లో రాస్తాను, అప్పటికి మనసు కాస్త చల్లబడితే.

ఫోన్ చేస్తే "అక్కా, మీటింగులో ఉన్నా" అని పెట్టేస్తున్నావు. నాలుగుసార్లయింది. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో కట్ చెయ్యడం నీ వల్ల కాదు.

మీ విద్యాశాఖ నుంచి మా బడికి కాగితం వచ్చింది. హెడ్మాస్టరు స్టాఫ్‌రూములో అందరి ముందూ చదివారు. వచ్చే విద్యాసంవత్సరం నుంచి సంగీతానికి ప్రభుత్వ నిధి ఆపేస్తారట. సంగీతం టీచరు పోస్టు ఉండదట. అంటే నేను. ఉన్న ఇరవై రెండు వాయిద్యాలూ పెట్టెలు కట్టి మీ సెంట్రల్ స్టోరుకి పంపాలట. కారణం ఒక్క ముక్కలో రాశారు: "వాయిద్యాలు వినియోగంలో లేవు."

అది వినగానే నాకు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది.

జరిగింది చెప్తాను విను. నేను పిల్లలకి వాయిద్యాలు ఇళ్ళకిస్తానని నీకు తెలుసు. ప్రతి గురువారం పట్టుకెళ్తారు, సోమవారం తెస్తారు. ప్రతి ఫిడేలుకీ, ప్రతి ఫ్లూటుకీ నంబరుంది, నోట్‌బుక్కులో అమ్మదో నాన్నదో సంతకముంది. మీ తనిఖీ అధికారి చెప్పాపెట్టకుండా శుక్రవారం పొద్దున ఊడిపడ్డాడు. గదిలో నాలుగున్నాయి. అందులో రెండింటికి తీగలు తెగి ఉన్నాయి. నోట్‌బుక్కు చూపించాను. "మిగతావన్నీ పిల్లల ఇళ్ళల్లో ఉన్నాయండీ, వాయిస్తున్నారు" అన్నాను. ఆయన ఫారంలో పైనుంచి కిందిదాకా వేలుపెట్టి చూసి, "ఇళ్ళల్లో ఉన్నవాటికి ఇందులో కాలమ్ లేదు మేడమ్" అన్నాడు. నాలుగు అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఒక్క పిల్లనైనా పిలిచి ఒక్క స్వరం వాయించమని అడగలేదు.

కండక్టరు కూతురు గురించి నీకు చెప్పాను కదా? తల్లి సాయంత్రం షిఫ్టులో బస్సు మీద ఉంటే, ఈ పిల్ల డిపోలో డ్రైవర్లు టీ తాగే గదిలో కూర్చుని సాధన చేస్తుంది. పదిహేడో నంబరు ఫిడేలు. జూన్‌లో సంగీత కళాశాల ప్రవేశ పరీక్ష రాస్తోంది. పాతికేళ్ళుగా నేర్పుతున్నాను. ఇలాంటి చెయ్యి నాకు ఇంతకుముందు తగల్లేదు. మే నెలలో ఆ ఫిడేలు లాక్కుంటే పిల్ల పరీక్షకి గాల్లో వేళ్ళు ఆడించాలా?

నువ్వు ఆ శాఖలోనే సెక్షన్ ఆఫీసరువి. ఆ ఫారం ఏ మహానుభావుడు రాశాడో కనుక్కుని చెప్పు. నాకు వాడితో పని ఉంది.

ఆశీస్సులు ఈసారికి అప్పు.

అక్క

~

ఇంటి నుంచి
ఫిబ్రవరి 11

అక్కకి నమస్కారాలు.

మీటింగులు నిజంగానే ఉన్నాయక్కా. ఉత్తరం ఆఫీసు అడ్రసుకి రాయకు, అక్కడ కవర్లు చింపి ఇస్తారు. ఇంటికి రాయి.

నీ కోపం నాకర్థమైంది. కానీ కొంచెం మా వైపు నుంచి కూడా చూడు. రాష్ట్రం మొత్తం మీద సంగీతం ఉన్న బళ్ళు రెండువందల పైచిలుకు. ప్రతి బడికీ వెళ్ళి కూర్చుని పాట వినే తీరిక ఎవరికుంది? విన్నా బాగుందో లేదో చెప్పే చెవి ఎవరికుంది? ఎవరు వెళ్ళినా ఒకేలా లెక్క తేలేది ఏదో ఒకటి ఉండాలి కదా. అందుకే గదిలో ఉన్న వాయిద్యాలు లెక్కపెట్టమన్నారు. మార్గదర్శకాలు పైనుంచి వచ్చాయి. నిధులు తగ్గించమని పైవాళ్ళ మీద వాళ్ళ పైవాళ్ళ ఒత్తిడి. నీ బడి ఒక్కటే కాదు, నలభై నాలుగు బళ్ళు ఆ జాబితాలో ఉన్నాయి.

ఫారం ఎవరు రాశారని అడిగావు. అలాంటివి ఒకరు రాసేవి కావక్కా, కమిటీ ఉంటుంది.

నా మాట వింటే ముందు వాయిద్యాలన్నీ వెనక్కి తెప్పించి బీరువాలో పెట్టు. మళ్ళీ తనిఖీ వేయించగలనేమో చూస్తాను. నువ్వు ఆవేశపడి ఎవరికీ ఏమీ రాయకు.

నీ మరదలు నమస్కారాలు చెప్పమంది. పాప కీబోర్డులో రెండో పరీక్ష పాసయింది. అత్తకి చెప్పమని ఒకటే గొడవ.

నీ తమ్ముడు

~

సంగీతం గది నుంచే, ఇంకా ఉంది కాబట్టి
ఫిబ్రవరి 20

తమ్ముడూ,

నా మేనకోడలికి ముద్దులు. అది బాగా వాయించాలి. దానికి ఇంటికొచ్చి నేర్పే టీచరుంది, ఇరవైనాలుగ్గంటలూ పక్కగదిలో కీబోర్డుంది. ఆ కీబోర్డుని వారానికి ఒక్క గంట ముట్టుకోనిచ్చి మిగతా ఆరు రోజులూ బీరువాలో పెడితే రెండో పరీక్ష పాసయ్యేదా? నువ్వు తండ్రివి కదా, చెప్పు.

మొన్న శనివారం రెండు బస్సులు మారి ఒక బడికి వెళ్ళాను. మీ తనిఖీలో దానికి పూర్తి మార్కులొచ్చాయి, మీ శాఖ పత్రికలో ఫోటో కూడా పడింది. అక్కడ సంగీతం పీరియడ్ తీసుకునేది లెక్కల మాస్టారు. పాపం మంచివాడే. బీరువా తాళం తీసి చూపించాడు. ముప్ఫై వాయిద్యాలు, నిగనిగలాడుతున్నాయి. ఫిడేలు పెట్టెలమీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. ఒకటి అందుకుని తీగ మీటితే తుప్పు రాలి నా చీర మీద పడింది. "పిల్లలు పాడుచేస్తారేమోనని ఇవ్వనండీ. మళ్ళీ సంజాయిషీ నేను రాసుకోవాలి" అన్నాడు. పాటలు ఎలా నేర్పుతారంటే, బోర్డు మీద రాయించి చదివిస్తాడట.

ఆయన్ని తిట్టడానికి నోరు రాలేదు. మీరు అడిగిందే ఆయన చేశాడు. తుప్పు పట్టించినవాళ్ళకి నిధులిచ్చి, వాయించిన పిల్లల చేతుల్లోంచి లాక్కుంటున్నారు. ఇది తెలివితక్కువతనమా, లేక కావాలనే చేశారా? ఒక్కోసారి రెండోదే అనిపిస్తోంది. నిధులు కోయాలని ముందే నిర్ణయించుకుని, తర్వాత కత్తెరకి ఒక ఫారం తగిలించారని.

"కమిటీ ఉంటుంది" అని నీళ్ళు నమలకు. నీ మాటలు నాకు కొత్తకాదు. ఎవరు రాశారు?

అక్క

~

ఇంటి నుంచి
మార్చి 5

అక్కా,

ఒక దారి దొరికింది. కంగారుపడకుండా పూర్తిగా చదువు.

మరమ్మత్తుకి వెళ్ళిన వాయిద్యాలని గదిలో ఉన్నట్టే లెక్కేసుకోవచ్చని ఒక నిబంధన ఉంది. తనిఖీ రోజున నీ పద్దెనిమిది వాయిద్యాలూ మరమ్మత్తు షాపులో ఉన్నాయని నువ్వు ఒక కాగితం రాసి సంతకం పెడితే, మీ బడికి మినహాయింపు వస్తుంది. నీ పోస్టు ఉంటుంది, గది ఉంటుంది, ఆ అమ్మాయి ఫిడేలూ ఉంటుంది. చిత్తుప్రతి నేనే రాసి ఇందులో పెట్టాను. నువ్వు చూసి రాసుకుని, సంతకం చేసి పంపు, అంతే.

మిగతా నలభై మూడు బళ్ళ సంగతి అడుగుతావని తెలుసు. అందర్నీ గట్టెక్కించే శక్తి నాకు లేదక్కా. నా చేతిలో ఉన్నది నీకు చేస్తున్నాను. మొండికెయ్యకు.

తమ్ముడు

~

బడి మెట్ల మీద కూర్చుని
మార్చి 14

తమ్ముడూ,

నీ చిత్తుప్రతి అందింది. చింపలేదు. దాన్నీ, ఇంకో కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను.

ఆ ఇంకో కాగితం సంగతి చెప్తాను. మా ఫ్లూట్ మాస్టారు గుర్తున్నాడా, నాతోపాటు ట్రైనింగయినవాడు? ఆయన బడి కూడా నీ నలభై నాలుగులో ఉంది. ఆయనా వాయిద్యాలు ఇళ్ళకిస్తాడు. ఊరుకునే మనిషి కాదు. అర్జీ పెట్టి, తిరిగి తిరిగి, ఆ ఫారం ఎలా పుట్టిందో ఆ ఫైలు నకలు తెచ్చుకున్నాడు. నాకో కాపీ పంపాడు. అందులో ఆరో పేజీ మార్జిన్‌లో చేత్తో రాసి ఉంది: "వాయిద్యాలు విద్యార్థుల ఇళ్ళకు ఇవ్వరాదు. తనిఖీ సమయంలో గదిలో ఉన్నవే లెక్క. ఈ కాలమ్ చేర్చవలెను." కింద పొడి సంతకం.

నీ చేతిలో పెన్సిలు పెట్టి దిద్దించింది నేను. నీ అక్షరాలు నాకు తెలియవా? చిత్తుప్రతి పక్కన పెట్టుకుని చూడాల్సిన పనే లేదు. అయినా చూశాను, పొరబడి ఉంటే బాగుండునని.

నెల రోజులుగా నాతో "పైవాళ్ళు" అంటున్నావే, ఎవర్రా ఆ పైవాళ్ళు? అద్దంలో కనిపించేవాడా? ఫారం రాసినవాడెవడో కనుక్కుని చెప్పమని నిన్నే అడిగాను. నువ్వు "కమిటీ" అన్నావు. నీ ఒక్క వాక్యానికి నలభై నాలుగు బళ్ళల్లో సంగీతం మూతపడుతుంటే నన్నొక్కదాన్నీ దొడ్డిదారిన లోపలికి రమ్మంటున్నావు. అదీ అబద్ధం సంతకం పెట్టించి! నా పిల్లలు వాయిస్తున్నందుకు నేను సిగ్గుపడి, షాపులో ఉన్నాయని చెప్పాలా? ఫ్లూట్ మాస్టారి మొహం ఎలా చూడను?

నేను సంతకం పెట్టను. నువ్వు ఎందుకు రాశావో చెప్పు. "లెక్కకి వీలుగా" అని మాత్రం అనకు, చదవకుండా చింపేస్తాను.

~

ఇంట్లో, అందరూ బయటికెళ్ళాక
మార్చి 23

అక్కా,

ఇది రాయడానికి నాలుగు కాగితాలు పాడుచేశాను. ఇక తిన్నగా రాసేస్తాను.

నీకు పన్నెండేళ్ళప్పుడు బడివాళ్ళిచ్చిన ఫిడేలు ఇంటికి తెచ్చుకునేదానివి. ఒకరోజు క్లాసులో పెట్టె తెరిస్తే మెడ విరిగి ఉంది. నువ్వు సరిగ్గా పెట్టలేదని టీచరమ్మ తిట్టి, ఏడాదిపాటు ఇంటికి ఇవ్వలేదు. నువ్వు చాలా ఏళ్ళు "ఎలా విరిగిందో నాకే తెలీదు, నా చెయ్యే మంచిది కాదు" అనేదానివి. ట్రైనింగులో చేరే ముందు కూడా అన్నావు.

అది విరగ్గొట్టింది నేను. ముందురోజు సాయంత్రం నువ్వు నీళ్ళు పట్టడానికెళ్ళినప్పుడు తీసి భుజాన పెట్టుకుని మెట్ల మీద నడిచాను. జారి మూడు మెట్లు దొర్లింది. భయమేసి పెట్టెలో పెట్టి మూత వేశాను. నువ్వు ఏడుస్తూ వచ్చిన రోజు చెబుదామనుకున్నాను. అమ్మ ముందు నోరు పెగల్లేదు. తర్వాత ప్రతి ఏడూ ఇంకా కష్టమైంది.

ఫైలు నా దగ్గరికి వచ్చినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పెట్టె, నీ మొహం. వాయిద్యాలు ఇంటికి వెళ్ళకపోతే ఏ పిల్లకీ ఆ గతి పట్టదనుకున్నాను. నిజంగా మంచి చేస్తున్నాననే రాశానక్కా. దాన్నిబట్టి నిధులు ఆపుతారని అప్పుడు తెలీదు. తెలిశాక చెప్పే ధైర్యం లేకపోయింది. అంతే. నేను అప్పుడూ ఇప్పుడూ ఒకేలా ఉన్నాను.

తమ్ముడు

~

ఇంటి నుంచి
మార్చి 29

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం ముందునుంచి లేచిపోయాను. మీ బావ జ్వరమొచ్చిందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

ముప్ఫై ఆరేళ్ళు. ముప్ఫై ఆరేళ్ళు నేను ఏ వాయిద్యం పెట్టె మూత వేసినా రెండుసార్లు తెరిచి చూసుకుంటాను. నా పిల్లలు నవ్వుతారు. "టీచర్, ఉందా?" అని. నా చేతుల్లోనే ఏదో లోపముందనుకున్నాను రా. నువ్వు పక్కనే కూర్చుని అన్నం తింటూ వింటూ ఉన్నావు.

అది సరే. దాన్ని నేనూ నువ్వూ తర్వాత తేల్చుకుందాం, నీ చెవి నా చేతికి అందినప్పుడు. ఇప్పుడు ఇది విను, ఎందుకంటే నువ్వు పెద్ద ఆఫీసరువయ్యాక కూడా ఇది అర్థం చేసుకోలేదు. ఆ ఏడాది నన్ను ఏడిపించింది ఫిడేలు విరగడం కాదు. ఇంట్లో ఫిడేలు లేకపోవడం. వారానికి ఒక్క గంట ఇచ్చి లాక్కునేవారు. మిగతా పిల్లలు ముందుకి వెళ్ళిపోతుంటే గోడ మీద తీగలు గీసుకుని వేళ్ళు ఆడించాను. మరుసటి ఏడాది పోటీకి నన్ను పంపలేదు, వెనకబడ్డానని. నేను వేదిక ఎక్కాల్సినదాన్ని కాదేమో, నాకు తెలీదు. కానీ అది తెలుసుకునే అవకాశం కూడా లేకపోయింది. నువ్వు నన్ను తలుచుకుని, నాకు జరిగిందే రెండువందల బళ్ళకి రూలు చేసి పెట్టావు. ప్రేమతో! ఆ ప్రేమని తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోమంటావు?

క్షమించమని నువ్వు అడగలేదు. మంచిది, ఇప్పుడు నా దగ్గర లేదు.

వచ్చే నెలలో మీ సమీక్షా సమావేశం ఉందని ఫ్లూట్ మాస్టారు చెప్పాడు. అక్కడ లేచి నిలబడి, ఆ కాలమ్ నేనే రాశాను, తప్పు రాశాను అని నీ నోటితో చెప్పు. చెప్పకపోతే ఆరో పేజీ పట్టుకుని నేనే వస్తాను. నా తమ్ముడి రాత అని నేనే చెప్తాను. చెప్పి, అక్కడే ఏడుస్తాను కూడా. అది నీకు ఇంకా అవమానంగా ఉంటుంది.

అక్క

~

రికార్డు గది, కింది అంతస్తు
ఏప్రిల్ 19

అక్కా,

చెప్పాను.

సమావేశంలో పద్నాలుగు మందిమి. నా వంతు వచ్చేసరికి కాఫీలు తెచ్చారు, కప్పుల చప్పుడు ఆగేదాకా నిలబడే ఉన్నాను. ఆరో పేజీ మార్జిన్‌లో ఉన్నది నా రాత అన్నాను. పిల్లలు ఇళ్ళకి తీసుకెళ్ళి వాయిస్తున్న బళ్ళల్లోనే మనం సంగీతం ఆపేస్తున్నాం, బీరువాల్లో తుప్పు పట్టినవాటికి నిధులిస్తున్నాం అన్నాను. నువ్వు ఉత్తరంలో రాసిన తుప్పు సంగతి నేను చూసినట్టే చెప్పేశాను, ఏమనుకోకు.

డైరెక్టరు కప్పు పక్కన పెట్టాడు. తర్వాత, "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ?" అన్నాడు. "ఈ జాబితాలో మీ బంధువుల బడి ఏదైనా ఉందా?" అన్నాడు. మా అక్క బడి ఉందన్నాను. "దానికోసం మీరేమైనా చేశారా?"

ఇది నీకు చెప్పలేదు. నీకు చిత్తుప్రతి పంపిన రోజే మీ బడికి మినహాయింపు నోటు ఫైల్లో పెట్టేశాను, నీ సంతకం ఎలాగూ వస్తుందనుకుని. అక్కడ అబద్ధం చెప్పొచ్చు. నోటు తీసేయడానికి నాకు అరపూట చాలు. కానీ అప్పటికే లేచి నిలబడి ఉన్నాను కదా. చేశానండీ అన్నాను.

నలభై మూడు బళ్ళకి ఆ కాలమ్ కొట్టేసి మళ్ళీ తనిఖీ వేస్తున్నారు. ఫ్లూట్ మాస్టారి బడి అందులో ఉంది. మీ బడి లేదు. బంధువు జోక్యం మీద విచారణ తేలేదాకా మీ బడి విషయం ఎవరూ ముట్టుకోకూడదట. పాత ఉత్తర్వు అలాగే అమలవుతుంది. విచారణ తేలేసరికి ఏడాది పడుతుంది. నన్ను రికార్డు గదికి మార్చారు. బళ్ళ నుంచి, స్టోర్ల నుంచి వచ్చిన కాగితాలు కట్టలు కట్టి పెట్టే పని.

నువ్వు చెప్పినట్టే చేశాను. నీ బడే పోయింది. నీకు ఏమని రాయాలో తెలీడం లేదు.

తమ్ముడు

~

సంగీతం గది, ఆఖరి రోజు
మే 2

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బాగా చేశావని మాత్రం నా చేత అనిపించుకోకు. మూడు నెలల ముందు చెయ్యాల్సినది చేశావు. నోటు ముందే పెట్టేశావా! నా సంతకం "ఎలాగూ వస్తుందనుకుని". ఆ ముక్క దగ్గర ఆ కాగితాన్ని గోడకేసి కొట్టాను. తర్వాత ఏరుకుని మళ్ళీ చదివాను.

ఫ్లూట్ మాస్టారు ఫోన్ చేసి ఏడ్చాడు. సంతోషంతో మొదలుపెట్టాడు, మా బడి సంగతి చెప్పాక అది వేరే ఏడుపైంది. వాళ్ళ నలభై మూడు బళ్ళు ఉన్నాయి. నాకు సంతోషమే. నా సంతోషం కూడా కోపంగానే ఉంది, ఏం చెయ్యను.

ఇవాళ స్టోరు నుంచి లారీ వచ్చింది. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే తెచ్చి ఇచ్చారు. ఒకడు ఫ్లూటుని రుమాలులో చుట్టి తెచ్చాడు. ఒకమ్మాయి తీగలు తుడిచి, "కొత్తవాళ్ళకి చెప్పండి టీచర్, రెండో తీగ తొందరగా వదులవుతుంది" అంది. కొత్తవాళ్ళెవరూ లేరని చెప్పలేదు. మీ స్టోరు గుమాస్తా బెంచీ మీద కూర్చుని ఒక్కో నంబరూ టిక్కు పెట్టుకున్నాడు. ఇరవై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై ఒకటే.

"పదిహేడు లేదు మేడమ్."

"లేదండీ."

"ఎవరి దగ్గరుంది? నోట్‌బుక్కు ఉందన్నారు కదా."

పదిహేడు ఉన్న పేజీ పొద్దున్నే చింపేశాను. "ఎవరి దగ్గరా లేదు. పోయింది" అన్నాను.

"ఎలా పోయింది?"

"మా ఇంటికి తీసుకెళ్తుంటే బస్సులో మర్చిపోయాను. నాదే తప్పు. రాసుకోండి."

అతను నా మొహంలోకి చూశాడు. నేనూ చూశాను. మీరు ఇన్నాళ్ళుండి ఇలా చేశారేమిటండీ అన్నట్టు తలాడించి, ఖరీదు నా ఆఖరి జీతంలోంచి కోస్తారని చెప్పి, రాసి ఇచ్చాడు. సంతకం పెట్టాను. మార్చిలో నువ్వు సంతకం పెట్టమంటే నిన్ను నానా మాటలూ అన్నదాన్ని, తడుముకోకుండా పెట్టాను. అప్పుడు నేను నా గదిని కాపాడుకోవడానికి అబద్ధం ఆడాలన్నావు. ఇది వేరు. వేరు కాదని నీకనిపిస్తే, అనిపించనీ.

ఆ కండక్టరు కూతురికి, నేను అడిగేదాకా ఫిడేలు తేవద్దన్నాను, ఇంకేమీ చెప్పలేదు. పరీక్ష జూన్ తొమ్మిది. నిన్న సాయంత్రం డిపో మీదుగా వెళ్తే ఆ టీ గదిలోంచి వినిపించింది. లోపలికి వెళ్ళలేదు.

గుమాస్తా రాసుకున్న ఆ కాగితం రెండు మూడు రోజుల్లో మీ ఆఫీసుకి చేరుతుంది. బళ్ళ నుంచి వచ్చేవన్నీ కట్టలు కట్టేది నువ్వేనన్నావు. నా సంతకం గుర్తుపడతావు. నేను ఏ వాయిద్యాన్నీ బస్సులో మర్చిపోయే మనిషిని కానని ఈ భూమ్మీద అందరికంటే నీకే బాగా తెలుసు.

నోరు మూసుకుని ఫైల్లో పెట్టు.

అక్క